గొర్రెలిచ్చారు సరే, గడ్డేదీ?

2017లో తెలంగాణలో గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీతో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. సంతోషమే! మరి అవి మేసేదెక్కడ? ఊరి బీళ్లు ఒక్కొక్కటే ప్లాట్లయిపోతున్నాయి. మిగిలిన చోట తొలకరి గడ్డి వేరు పట్టకముందే మంద పడుతోంది. ఆ లోటు పూడ్చేదెవరు? గట్లెంట తిరిగి మోపు కోసుకొచ్చే ఆడదే కదా!

ఉన్న బీడునే మూడు భాగాలు చేసి, వంతులవారీగా ఒకదాన్ని మేపకుండా వదిలేస్తే గడ్డి గింజ రాలుస్తుంది, మళ్లీ మొలుస్తుంది. తొలకరిలో స్టైలో విత్తనం చల్లితే మేతకు మేత, నేలకు బలం. దీనికి డబ్బుకన్నా ఊరి కట్టుబాటు ముఖ్యం. ఆ కట్టుబాటు చేసే గ్రామసభలో మోపు మోసేవాళ్లు నోరు విప్పొద్దూ? మాంసం ధర పెరిగిందని సణుక్కునే మనమూ, బీడేదని ఒక్కసారైనా అడగొద్దూ?