జనరల్ గారి వెనక నిలబడ్డ పటాలం

జనరల్ కె.వి. కృష్ణారావు పేరెత్తితే తెలుగోళ్లందరం ఛాతీ విరుస్తాం. 1971 యుద్ధంలో సిల్హెట్ వైపు 8వ పర్వత డివిజన్‌ని నడిపినవాడు. పరమ విశిష్ట సేవా పతకం అందుకున్నవాడు. 1981 నుంచి 1983 దాకా దేశ సైన్యాధిపతి. ఆ తర్వాత గవర్నరు. 2016లో కన్నుమూశాడు. ఆయన సేవని తక్కువ చేయటం మన పని కాదు.

కాని ఒక్క మాట అడుగుదాం. 1942లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఆయన మొదట ఏ పటాలంలో ఆఫీసరయ్యాడు? మహార్ రెజిమెంటులో. పొగిడేవాళ్లు ఈ ముక్క గబగబా చదివేసి ముందుకు పోతారు. మనం ఇక్కడే ఆగాలి.

మహార్లంటే ఎవరు? మహారాష్ట్రలో మన మాల మాదిగల్లాగే ఊరి బయట బతికి, వెట్టి చేసినోళ్లు. 1818లో కోరేగావ్ దగ్గర కంపెనీ పటాలంలో ఉండి పీష్వా సైన్యానికి ఎదురు నిలిచారు. చచ్చినోళ్ల పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. అంబేద్కర్ తండ్రి రాంజీ కూడా సుబేదారే. అలాంటివాళ్లని 1892లో తెల్లదొరలు ‘మీది యుద్ధజాతి కాదు’ అని తలుపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో పిలిచారు. పని తీరింది, 1921లో ఆ పటాలాన్నే ఎత్తేశారు. రెండో యుద్ధమొచ్చింది. రక్షణ సలహా సంఘంలో కూర్చున్న అంబేద్కర్ పట్టుబట్టాడు. 1941 అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంటు లేచింది. కృష్ణారావు చేరేనాటికి దానికి ఏడాది కూడా నిండలేదు.

ఉత్తరాదిన చమార్ రెజిమెంటుదీ ఇదే కత. 1943లో పెట్టారు, కొహిమా పోరులో వాడుకున్నారు, 1946లో రద్దు చేశారు.

‘సైన్యంలో కులం లేదు, ప్రతిభే ఉంది’ అనే పెద్దలారా, జవాబు చెప్పండి. 1892లో లేని శౌర్యం 1917లో ఎక్కణ్ణుంచి వచ్చింది? 1921లో మళ్లీ ఎక్కడికి పోయింది? శౌర్యం ఎక్కడికీ పోలేదు. తలుపు కాడ కూర్చున్నవాడు తన అవసరాన్నిబట్టి మాట మార్చాడు. ఇవాళ మన పిల్లలు రిజర్వేషన్ అడిగితే ‘ప్రతిభ’ అనేది కూడా ఆ తలుపు కాడి మాటే.

యుద్ధజాతి కాదన్న జనం పేరు మోసే రెజిమెంటే కృష్ణారావుని ఇచ్చింది. 1986 నుంచి 1988 దాకా సైన్యాధిపతిగా ఉన్న సుందర్జీనీ ఇచ్చింది. ఆఫీసరు ఆజ్ఞ ఇస్తాడు. దాన్ని భుజాన మోసి గుండుకి ఎదురుపోయేది జవాను. పతకం ఒకరి ఛాతీ మీదే ఉంటుంది, దాని బరువు మోసినోళ్లు వందలమంది.

అన్నలారా, అక్కలారా! జెండా పండగనాడు బడిలో జనరల్ గారి కత చెప్పండి. ఆయన చేరిన పటాలం ఎట్లా పుట్టిందో కూడా చెప్పండి. సగం చెప్పి ఊరుకుంటే అది చరిత్ర కాదు, దొంగలెక్క.

జై భీమ్!