137 చెప్పిన సాక్ష్యం

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా వ్రాసింది: "మామయ్యా! మా అన్నయ్య పనిచేసే చోట పెద్ద కంప్యూటరుకు చోటు చాలక పనంతా ఆగిపోయిందట. తప్పు నీదే అని అన్నయ్యను అంటున్నారట. రెండు రోజులుగా అన్నయ్య సరిగా అన్నం తినటం లేదు. కంప్యూటరుకు చోటు చాలకపోవటం ఏమిటి? అది ఎంచక్కా గదిలో బల్ల మీద వుంటుంది కదా!"

ఈ ఉత్తరం చదవగానే నాకు నా మేనకోడలు జ్ఞాపకం వచ్చింది. అది హైదరాబాదులో అటువంటి పనే చేస్తున్నది. దాన్ని అడిగితే ఒక అపరాధ పరిశోధన కథ చెప్పింది. అది మీకూ చెబుతాను, వినండి.

ముందు ఆ కంప్యూటరు చేసే పని ఏమిటో తెలియాలి. పెద్ద ప్రోగ్రామును ఒక్కరే కూర్చుని వ్రాయరు. ఇరవై ముప్ఫయి మంది తలా ఒక ముక్క వ్రాస్తారు. ఎవరి ముక్క వారి దగ్గర బాగానే పనిచేస్తుంది. అన్నీ కలిపినప్పుడే తంటా! నాటకంలో ఎవరి పాఠం వారికి కంఠతా వచ్చినా, అందరూ కలిసి రిహార్సలు వెయ్యకపోతే రంగం మీద నవ్వులపాలు కారూ? అందుకని ఎవరు కొత్త ముక్క పంపినా, దాన్ని మిగతా ముక్కలతో కలిపి, యంత్రానికి అర్థమయే భాషలోకి మార్చి, పరీక్షలు పెట్టి, అంతా బాగుంటే ఆకుపచ్చ గుర్తూ, చెడితే ఎర్ర గుర్తూ చూపించే పని ఒక కంప్యూటరుకు అప్పగిస్తారు. ఈ కలిపే పనిని "బిల్డు" అనీ, ఆ కంప్యూటరును "బిల్డు సర్వరు" అనీ అంటారు. అది రాత్రింబవళ్లు ఎవరూ చెప్పకుండానే పని చేసుకుపోతుంది.

ఇటువంటి పని చేయించే ప్రోగ్రాములలో ఒకదాని పేరు జెంకిన్స్. అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో వుండగా కోసుకే కవాగుచి అనే జపాను దేశస్థుడు దీన్ని 2004లో వ్రాయటం మొదలుపెట్టాడు. తాను పంపే ముక్కల వల్ల బిల్డు చెడి తోటివాళ్లకు ఇబ్బంది కలుగుతున్నదని, ఆ సంగతి వాళ్లకంటే ముందు తనకే తెలియాలని ఆయన కోరిక. మొదట దాని పేరు హడ్సన్. 2011లో జెంకిన్స్ అని మారింది. దాని గుర్తు ఏమిటో తెలుసా? మెడకు బో కట్టుకుని, చేతి మీద తువ్వాలు వేసుకుని నిలబడ్డ ఒక బట్లరు!

సరే, ఇక కథ. నా మేనకోడలు పనిచేసే చోట ఆసుపత్రులకు కావలసిన ప్రోగ్రాము ఒకటి తయారు చేస్తున్నారు. అక్కడ కొత్తగా ఒక కుర్రవాడు చేరాడు. వాడికి ఒప్పజెప్పిన పని, పిల్లల బరువును బట్టి మందు మోతాదు సరిగా వస్తున్నదో లేదో చూసే పరీక్ష వ్రాయటం. కుర్రవాడు శ్రద్ధగా వ్రాశాడు. వేల వేల మోతాదులను వరసగా లెక్కవేసి చూసే పెద్ద పరీక్ష అది.

అది చేర్చిన వారం నుంచీ సాయంకాలం నాలుగయేసరికి ఎర్ర గుర్తులు రావటం మొదలుపెట్టాయి. సర్వరు నత్తలాగా నడుస్తుంది. కాసేపటికి కుర్రవాడి పరీక్ష మధ్యలో ఆగిపోతుంది. ప్రతిసారీ వాడిదే!

"ఇంకేముంది? కొత్తగా వచ్చింది ఇదే, ఆగిపోతున్నదీ ఇదే. తీసిపారేస్తే సరి!" అన్నారు కొందరు. "ఇంకా పెద్ద సర్వరు కొందాం," అన్నారు మరికొందరు. కుర్రవాడు తన పరీక్షను పదిసార్లు చదువుకున్నాడు. తప్పు కనబడలేదు. పైగా రాత్రి పదిగంటలకు ఒంటరిగా నడిపిస్తే అదే పరీక్ష చక్కగా పూర్తయి ఆకుపచ్చ గుర్తు వస్తున్నది! వాడి మాట ఎవరూ నమ్మలేదు. శుక్రవారం నాడు ఆ పరీక్షను తీసివెయ్యాలని నిర్ణయమయింది.

"నాకు రెండు రోజులు గడువివ్వండి," అన్నది నా మేనకోడలు.

అది మొదట చేసిన పని ఏమిటంటే, పరీక్ష ఆగిపోతూ చెప్పిన అంకె చూడటం. ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె చెప్పి పోతుంది. సున్న అయితే అంతా సవ్యమని అర్థం. 1 వంటి చిన్న అంకె చెబితే, సాధారణంగా ప్రోగ్రాము తప్పు కనిపెట్టి తనంతట తాను ఆగిందన్నమాట. కాని ఎవరైనా దాన్ని బలవంతంగా ఆపితే, ఆ ఆపిన ఆజ్ఞ సంఖ్యకు 128 కలిపి చూపిస్తారు. కుర్రవాడి పరీక్ష దగ్గర వున్న అంకె 137. అందులోంచి 128 తీసివేస్తే ఎంత? 9. తొమ్మిదో ఆజ్ఞ పేరు "కిల్", అంటే "చంపు" అని.

"మామయ్యా! అప్పుడు నాకు తెలిసింది, ఆ పరీక్ష తనంతట తాను పడిపోలేదు, దాన్ని ఎవరో పడగొట్టారు అని!" అన్నది నా మేనకోడలు.

పడగొట్టిన వారెవరు? ఇది తెలియాలంటే మీరు నాతో ఒకసారి పెళ్లివారి వంటపందిట్లోకి రావాలి.

అక్కడ వున్న పొయ్యిలే సర్వరులోని ప్రాసెసర్లు అనుకోండి. పొయ్యిల పక్కన గుండిగలూ, పళ్లేలూ, తరిగిన కూరలూ పెట్టుకునే చోటు మెమరీ. దూరంగా సరుకులు దాచిన ఉగ్రాణం గది డిస్కు. పందిట్లో చోటు చాలకపోతే ఏం చేస్తారు? ఇప్పుడు అక్కరలేని గుండిగలను ఉగ్రాణంలో పెట్టి వస్తారు. మళ్లీ కావలసినప్పుడు పరుగెత్తుకెళ్లి తెస్తారు. చోటు మరీ తక్కువయితే, వంటవాళ్లకు అటూ ఇటూ మోసుకు తిరగటంతోనే సరిపోతుంది, వంట సాగదు. సర్వరు నత్తలాగా నడవటానికి కారణం ఇదే.

ఉగ్రాణంలో కూడా చోటు ఇవ్వలేమంటే? పందిట్లో పెత్తనం చేసే పెద్దమనిషి ఒకాయన వుంటాడు కదా, ఆయన ఒకణ్ణి బయటికి పంపించేస్తాడు. లేకపోతే పందిరి మొత్తం కూలిపోతుంది మరి! సర్వరులో ఈ పెద్దమనిషి పేరు లినక్సు. ఎవరిని పంపాలన్నప్పుడు లినక్సు ముఖ్యంగా చూసేది, ఎవరు ఎక్కువ చోటు ఆక్రమించారు అన్న సంగతే. ఇరుకు ఎవరివల్ల వచ్చిందని విచారించడు. అయితే చేసిన పని దాచుకోడు. "ఔట్ ఆఫ్ మెమరీ" అని తన దినచర్యలో వ్రాసి పెడతాడు.

నా మేనకోడలు ఆ దినచర్య తెరిచి చూసింది. పరీక్ష ఆగిన ప్రతి సాయంకాలమూ ఆ మాటే వున్నది!

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ చోటంతా ఎవరు తినేశారు? జ్వరం వచ్చినవాడికి గంట గంటకూ వేడి చూసి కాగితం మీద గుర్తు పెట్టినట్టుగా, అది ఒక రోజల్లా నిమిషానికొకసారి మెమరీ ఎంత ఖర్చయిందో, ఎన్ని బిల్డులు నడుస్తున్నాయో గుర్తు పెట్టించింది. ఇప్పుడు మీరు కూడా లెక్క వెయ్యండి.

ఆ సర్వరులో 16 ప్రాసెసర్లు, 32 గిగాబైట్ల మెమరీ వున్నాయి. ఒక్కొక్క బిల్డూ ముక్కలను యంత్రభాషలోకి మార్చటానికి 16 మంది పనివాళ్లను పెడుతుంది. ఒక్కొక్క పనివాడికి సుమారు అర గిగాబైటు చోటు కావాలి. కుర్రవాడి పరీక్షకు 3 గిగాబైట్లు కావాలి.

రాత్రి ఒక్క బిల్డే నడిచినప్పుడు 16 మందికి 8 గిగాబైట్లు చాలు. వాళ్ల పని ముగిశాక పరీక్షకు 3 చాలు. బోలెడు చోటు మిగులుతుంది.

సాయంకాలమో? ఇళ్లకు పోయేముందు అందరూ తమ ముక్కలు పంపుతారు. ఒకేసారి అయిదు బిల్డులు నడుస్తాయి. నాలుగు బిల్డులలో 64 మంది పనివాళ్లు. వాళ్లకే 32 గిగాబైట్లు అయిపోయాయి! అయిదో దానిలో కుర్రవాడి పరీక్ష 3 గిగాబైట్లు అడుగుతుంది. మొత్తం 35. ఉన్నది 32. పెద్దమనిషి చుట్టూ చూస్తాడు. 64 మందిలో ఒక్కొక్కడు అర గిగాబైటు వాడు. ఒంటిగా 3 గిగాబైట్లు ఆక్రమించి కనబడేది ఎవరు? కుర్రవాడి పరీక్ష! దాన్నే బయటికి నెట్టేశాడు.

చూశారా! అసలు చోటు తిన్నది గుంపు. దెబ్బ తిన్నది ఒంటిగా కనబడినవాడు.

మరి ఈ ఏర్పాటు చేసిన వారిదా తప్పు? అదీ కాదు. ఒకసారికి ఒకే బిల్డు నడిచే రోజులలో ఒకాయన, 16 ప్రాసెసర్లున్నాయి గనుక 16 మంది పనివాళ్లను పెట్టాడు. అది సబబే. తరువాత ఆఫీసులో మనుషులు పెరిగారు. ఇంకొకాయన, ఎవరూ కాచుకుని వుండకూడదని ఒకేసారి అయిదు బిల్డులు నడిచేలాగా మార్చాడు. అదీ మంచి ఉద్దేశమే. కాని 16ను 5తో హెచ్చవేసి చూసిన వారు లేరు!

నా మేనకోడలు కొత్త సర్వరు కొనిపించలేదు. ఒకేసారి రెండు బిల్డులు, ఒక్కొక్క దానికి 8 మంది పనివాళ్లు అని మార్చింది. పదహారు పొయ్యిలకు పదహారు మంది. మొదట అందరూ, "ఇంక కాచుకుని కూర్చోవాలి కాబోలు!" అని సణిగారు. తీరా చూస్తే పని ఇదివరకటి కంటే త్వరగా తెమిలింది. ఉగ్రాణానికి పరుగులు తప్పాయి గదా! శుక్రవారం సాయంకాలం నాలుగు గంటలకు కుర్రవాడి పరీక్ష ఆకుపచ్చ గుర్తుతో ముగిసింది. దాన్ని తీసెయ్యాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నెల తిరక్కుండానే ఆ పరీక్ష మళ్లీ ఎర్ర గుర్తు చూపించింది. ఈసారి చెప్పిన అంకె 137 కాదు, 1. అంటే దాన్ని ఎవరూ పడగొట్టలేదు, నిజంగానే తప్పు పట్టుకున్నది! ఎవరో మిల్లీగ్రాములు వెయ్యవలసిన చోట గ్రాములు వేశారు. అంటే పసిపిల్లకు వెయ్యిరెట్ల మందు! ఆ పరీక్షను తీసిపారేసి వుంటే ఏమయేదో మీరే ఆలోచించండి.

ఇక మీరు చెయ్యవలసిన పని. పుస్తకం ఒకటే పట్టే చిన్న పీట వేసుకోండి. మూడు పాఠ్యపుస్తకాలు పక్క గదిలో పెట్టుకోండి. మొదట ఒక్కొక్క పుస్తకమే తెచ్చుకుని, అయిదేసి వరసల చొప్పున ఎత్తి వ్రాయండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. తరువాత, మొదటి దానిలో ఒక వరస, దాన్ని పెట్టి వచ్చి రెండో దానిలో ఒక వరస, మళ్లీ మూడో దానిలో ఒక వరస, ఇలా అయిదుసార్లు తిరగండి. వ్రాసింది ఆ పదిహేను వరసలే! కాలం ఎంత ఎక్కువ పట్టిందో నాకు కార్డు వ్రాయండి.

ఉత్తరం వ్రాసిన చిట్టితల్లీ! మీ అన్నయ్యతో నా మాటగా ఇలా చెప్పు: ముందు కడుపునిండా అన్నం తినమను. తరువాత, ఆగిపోయింది ఏది అని కాక, దాన్ని ఆపింది ఎవరు, ఆ వేళప్పుడు చోటు ఎవరెవరు ఎంత వాడుతున్నారు అని వ్రాసి చూసుకోమను. తప్పు తనదే అని తేలితే దిద్దుకోవచ్చు. కాదని తేలితే ఆ కాగితమే తన తరఫున సాక్ష్యం చెబుతుంది.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.