బడి వదిలాక, అమ్మ వచ్చేదాకా

పోస్టు కాస్త పెద్దదే, ఓపికగా చదవండి. మిరప కోతలు మొదలయ్యేలోపే ఈ మాట చెప్పాలని ఇప్పుడు పెడుతున్నాం.

మేం పర్చూరు చుట్టుపక్కల పేటల వాళ్లం. యానాది ఇళ్ల నుంచి నలుగురం, ఎరుకల ఇళ్ల నుంచి ఇద్దరం, మార్కాపురం వైపు నుంచి వచ్చి చీరాలలో చదువుకుంటున్న సుగాలి చెల్లి ఒకామె. డిగ్రీలోనో, బీఈడీలోనో ఉన్నాం. పోయిన కోతల సీజన్లో మా పేటల్లో ఒకటి నుంచి అయిదు దాకా చదివే పిల్లల దగ్గర సాయంత్రాలు కూర్చున్నాం. సంఘం పేరు లేదు, బ్యానర్ లేదు, ఫొటోలు కూడా సరిగా తీసుకోలేదు. ఆ అనుభవంతో ఒక అభిప్రాయం ఏర్పడింది. కొందరికి నచ్చకపోవచ్చు.

మన పిల్లల చదువు ఎక్కడ పోతోంది అంటే అందరం బడి వైపు చూపిస్తాం. టీచర్లు లేరంటాం, ఉన్నవాళ్లు పట్టించుకోరంటాం. అందులో నిజం లేదని కాదు. కానీ బడి వదిలాక అమ్మ ఇంటికొచ్చేదాకా ఉండే ఆ రెండు మూడు గంటలు మన లెక్కలోకే రావటం లేదు. సగం చదువు అక్కడే జారిపోతోందని మాకు అనిపించింది. ఆ గంటల్ని ట్యూషన్‌తో నింపితే లాభం లేదు. ఆటతో, ఇంటి పనితో, ఇంట్లో ముసలోళ్లతో నింపాలి. మేం చెప్పదలచుకుంది ఇదే.

ఫోన్లో 'ఇంట్లోనే పిల్లలతో సరదాగా చదువు' అని వీడియోలు చాలా వస్తుంటాయి. రంగు కాగితాలు, మెరుపుల జిగురు, ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం అక్షరాలు. సాయంత్రం అయిదింటికి అమ్మ టీ తాగి బిడ్డ పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తుంది. బాగానే ఉంటుంది చూడటానికి. మన ఇంట్లో అయిదింటికి అమ్మ ఎక్కడుంది? చేలో ఉంది. ముఠా ఆటోలో నలుగురు కూర్చునే చోట పది మంది ఇరుక్కుని, పొద్దుగూకాక దిగుతుంది. మిరప కోతల రోజుల్లో ఆ చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. మజ్జిగ రాసినా, నూనె రాసినా తగ్గదు. కళ్లు నలుపుకోదు, చంటిబిడ్డ బుగ్గ తాకటానికే భయపడుతుంది. అలాంటి అమ్మకి 'రోజూ ఇరవై నిమిషాలు బిడ్డతో చదవండి' అని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కరోజు కోతకొచ్చి చూడాలి.

అందుకని మేం వీడియోలు పక్కనబెట్టి, ఇంట్లో ఏముంది అని చూశాం.

ముందు దొరికినవి చింతపిక్కలు. వామనగుంటల పలక ఎవరింట్లోనూ లేదు, నేల మీదే గుంటలు తీశాం. రెండు వరసలు, వరసకి ఏడు, మొత్తం పద్నాలుగు. గుంటకి అయిదేసి పిక్కలు పెడితే ఎన్ని కావాలి అని అడిగాం. మూడో తరగతి పిల్లాడు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాడు. నాలుగో తరగతి అమ్మాయి పదింటికి యాభై, నాలుగింటికి ఇరవై, డెబ్బై అని చెప్పేసింది. ఆ పిల్ల బడిలో ఎక్కాలు రావని నిలబడే పిల్లే! ఎక్కం అప్పజెప్పమంటే గొంతు పెగలదు, పిక్కలు చేతిలో ఉంటే ఆగదు. వారం గడిచేసరికి, పిక్కలు పంచుతూ పోతే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని గుంట ఎంచుకోవటం మొదలుపెట్టారు. కూడిక, పంపకం, ముందుచూపు అన్నీ అందులోనే ఉన్నాయి. మన నాయనమ్మలకి ఇది లెక్కల ఆట అని ఎవరూ చెప్పలేదు, వాళ్లకి చెప్పాల్సిన పని కూడా లేదు.

అక్షరాల దగ్గర మాత్రం కష్టపడ్డాం. అయిదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవలేని పిల్లలు మా పేటల్లోనే కాదు, దేశమంతా ఉన్నారు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇళ్లకెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ, అంతే వాళ్ల పరీక్ష. అయిదో తరగతి పిల్లల్లో సగం మంది దాకా ఆ కథ దగ్గర ఆగిపోతున్నారని వాళ్ల నివేదికలు చెబుతూనే ఉన్నాయి. మేమూ అలాగే చదివించి చూశాం. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో ఒక్క సాయంత్రంలో తెలిసిపోయింది. తరగతి సంగతి మర్చిపోయి, ఆగిన చోటు నుంచి గుంపులు చేశాం. అయిదో తరగతి అబ్బాయి ఒకటో తరగతి వాళ్లతో కూర్చోటానికి సిగ్గుపడ్డాడు. 'నువ్వు వీళ్లకి సారువిరా' అంటే కూర్చున్నాడు.

చదవటానికి పుస్తకాలు లేవుగదా అనుకోవద్దు. బియ్యం బస్తా మీద అక్షరాలు, సబ్బు కాగితం, పర్చూరు బస్టాండులో బోర్డులు, ఆటో వెనకాల రాసే మాటలు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇవన్నీ చదివించాం. జాబ్ కార్డు అయితే పిల్లలకి మహా ఇష్టం, ఎందుకంటే అందులో అమ్మ పేరుంది, నాన్న పేరుంది. అమ్మ పేరు రాతలో చూడటం అదే మొదటిసారి చాలామందికి. ఒక పాత కార్డు మీద ప్రకాశం జిల్లా అని ఉంది, బడిలో బాపట్ల అని చెప్పారు. ఏది నిజం అని గొడవ. 2022 ఏప్రిల్ 4న పర్చూరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది, రెండూ నిజమేనని చెప్పటానికి ఒక పూట పట్టింది. పెద్దోళ్లు కూడా వచ్చి విన్నారు, వాళ్లకీ అంతే తెలుసు మరి. ఫోన్ ఉన్న ఇళ్లలో స్టోరీవీవర్‌లో తెలుగు కథలు డబ్బులు లేకుండా దొరుకుతాయి. వాటిని ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. నాలుగో తరగతి పిల్ల ఒకామెకి మేం ఒక ఆట ఇచ్చాం. రోజూ రాత్రి అమ్మని 'ఇయ్యాల ఎన్ని కిలోలు కోశావు' అని అడిగి నోటు పుస్తకంలో తేదీ వేసి రాయాలి. ఆదివారం మొత్తం కూడి మాకు చూపించాలి. ఎవరి అమ్మ కిలోలు ఎక్కువో చూసుకోవటమే ఆట. (ఆ పోటీ పెట్టటం తప్పని తర్వాత తెలిసింది. ఒంట్లో బాగాలేక కోతకెళ్లని అమ్మ బిడ్డ ఏడ్చింది. పోటీ తీసేశాం, రాయటం ఉంచాం.) కోతలు అయిపోయి డబ్బులిచ్చే రోజు మేస్త్రి పుస్తకంలో ఆ తల్లికి రెండు రోజులు తక్కువొచ్చాయి. తల్లి ఊరుకుంది, ఎప్పుడూ ఊరుకునేదే. పిల్ల నోటు పుస్తకం తెచ్చి తేదీలు చూపించింది. అందరి ముందూ సరిచూశారు, రెండు రోజులు కలిశాయి. ఆయన కావాలని మోసం చేశాడని మేం అనటం లేదు. అంతమంది లెక్క ఒక్కడే రాసుకుంటే తప్పులు పడతాయి. కానీ ఇన్నేళ్లూ ఆ తప్పు ఎప్పుడూ ఒకవైపే ఎందుకు పడుతోందని మాత్రం అడగాల్సిందే. ఆ తల్లి మర్నాడు పేటలో అందరికీ చెప్పింది. ఆ తర్వాత నోటు పుస్తకం కావాలని మిగతా అమ్మలే పిల్లల్ని పంపారు. మేం నెల రోజులు బతిమాలినా రానివాళ్లు వచ్చారు.

ఇంకో సంగతి. ఆడపిల్లలు. సాయంత్రం ఆట అనగానే మగపిల్లలు పరిగెత్తుకొస్తారు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల చంకలో తమ్ముడుంటాడు, పొయ్యి మీద ఎసరు ఉంటుంది. మొదటి రెండు వారాలు మాకు ఇది కనబడనే లేదు, చెప్పుకోటానికి సిగ్గుగా ఉంది. మాలో సుగాలి చెల్లే పట్టుకుంది. అందుకని చేతులతో పనిలేని ఆటలు పొయ్యి దగ్గరికే తీసుకెళ్లాం. పొడుపు కథలు, మాట చివరి అక్షరంతో ఇంకో మాట చెప్పటం లాంటివి. రెండు గ్లాసుల బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లయితే, చుట్టాలొచ్చి అయిదు గ్లాసులు పోస్తే ఎన్ని నీళ్లు? ఇది ఆ పిల్లకి వచ్చినంత బాగా మాలో బీఈడీ చదివే అన్నకి రాలేదు. ఆయన గ్యాస్ కుక్కర్ లెక్క చెప్పాడు, పిల్లలందరూ నవ్వారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, పొయ్యి దగ్గర ఆట పెట్టటం ఆ పిల్ల పని తగ్గించటం కాదు. చంటిబిడ్డల్ని ఎవరు చూడాలన్నది పెద్దోళ్లతో తేల్చుకోవాల్సిన మాట. ఒక పేటలో ఇద్దరు ముసలమ్మలు ఒప్పుకుని కూర్చున్నారు, రెండో పేటలో ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.

ముసలోళ్ల గురించి ఇంకా చెప్పాలి. యానాది తాత ఒకాయన ఎలక బొక్క చూసి లోపల ఎలక ఉందో లేదో, పక్కదారి ఎటు తీసిందో చెబుతాడు. పర్చూరు వాగులో చేపల పేర్లు ఒక్క గుక్కలో చెబుతాడు, కొరమీను, జెల్ల, మట్టగిడస, ఇంగిలాయి అంటూ. పిల్లలు బొమ్మలేసి కింద పేర్లు రాశారు. 'మట్టగిడస'లో ఒత్తు ఎక్కడ అని పట్టింపు వచ్చింది. బడిలో ఒత్తుల కోసం ఏ పిల్లాడూ అంత పట్టుబట్టి ఉండడు. ఆ తాత చదువుకోలేదు, పిల్లల ముందు తనకి తెలిసింది చదువే అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎరుకల ఇంట్లో, తండాలో ఇంటి భాష వేరే ఉంటుంది. ఆ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాయించాం. 'యాడి' అని రాసి 'అమ్మ' అని పక్కన రాసిన సుగాలి పిల్లాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాడు. కనీసం అయిదో తరగతి దాకా వీలైన చోట ఇంటి భాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుకున్నారు. బడిలో అది ఎప్పుడొస్తుందో గానీ ఇంట్లో ఇవాళే మొదలుపెట్టొచ్చు.

మన పెద్దాయన ఒకరు మమ్మల్ని కోప్పడ్డారు. 'ఆటలు ఎవరిక్కావాలిరా, ఏకలవ్యలో సీటు రావాలంటే ఆరో తరగతికి పరీక్ష రాయాలి, అది నేర్పండి' అన్నారు. ఆయన బాధ మాకు అర్థమవుతుంది. నేరస్త జాతుల చట్టం ఉన్న రోజుల్లో మనోళ్లకి పొద్దుగూకితే స్టేషన్లో హాజరు. ఇక్కడికి దగ్గర్లోనే స్టువర్టుపురం ఉంది, ఎరుకలోళ్లని తెచ్చి సెటిల్‌మెంట్‌లో పెట్టిన ఊరు. 1952లో గానీ ఆ ముద్ర తీయలేదు. సాయంత్రం అంటే భయమే తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన పెద్దాయన, సాయంత్రం ఆట అంటే వృథా అనుకోటంలో వింత లేదు. కానీ చదవటం రాని పిల్లాడికి పరీక్ష గైడు ఇస్తే ఏం చేస్తాడు, జవాబులు బట్టీపడతాడు. గిజుభాయి బధేకా 'పగటికల'లో ఆ నాలుగో తరగతి మాస్టారుకీ ఇదే తిప్పలు. మొదటిరోజు పిల్లలు మాట వినరు, పైవాళ్లు నమ్మరు, కథలతోనే దారికొస్తారు. దొరికితే చదవండి, చిన్న పుస్తకమే.

కోతకి పిల్లల్ని కూడా తీసుకెళ్తే నాలుగు రూపాయలొస్తాయి గదా అనే మాట కూడా విన్నాం. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం బడి వేళలయ్యాకో, సెలవుల్లోనో, ప్రమాదం లేని పనిలో సొంత కుటుంబానికి పిల్లలు సాయం చేయొచ్చు. పక్క రైతు చేలో కూలికి మిరపకాయలు కోయటం సొంత ఇంటి సాయం కాదు. ఇది పేటలో గట్టిగా చెప్పండి.

మరో జాగ్రత్త. ఆట వస్తువులు ఊరికే దొరికినవి వాడమన్నాం గానీ, పురుగుమందు డబ్బాలు, సీసాలు, వాటి మూతలు ముట్టుకోనివ్వొద్దు. పత్తి చేల గట్ల మీద రంగురంగుల మూతలు పడి ఉంటాయి, పిల్లలు లెక్కలకి అవే ఏరుకొచ్చారు ఒకసారి. మా గుండె ఆగినంత పనైంది. చింతపిక్కలు, గవ్వలు, గచ్చకాయలు చాలు.

ఈసారి సంక్రాంతి సెలవులకి ఇళ్లకొచ్చేవాళ్లు మీ పేటలో ఒక్కసారి సాయంత్రం నాలుగున్నరకి తిరిగి చూడండి. పిల్లలు ఎంతమంది, ఎవరి చంకలో బిడ్డ ఉంది, ఏ అరుగు మీద వెలుతురు ఉంటుంది, ఏ అవ్వ కూర్చోటానికి ఒప్పుకుంటుంది, ఇవి రాసుకోండి. వారంలో రెండు సాయంత్రాలు ఇవ్వగలిగిన వాళ్లు ఇద్దరుంటే చాలు. నోటు పుస్తకాలు మా దగ్గర ముప్పై దాకా మిగిలాయి, కావాల్సిన వాళ్లు పర్చూరు వచ్చినప్పుడు అడగండి. చింతపిక్కలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా దగ్గరున్నవి పిల్లలు వేయించుకుని తినేశారు.