చూడని పేరాయే అసలు పరీక్ష

సంక్రాంతి సెలవులు అయిపోగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హైస్కూళ్లకు పరీక్షల వేడి పుడుతుంది. పొద్దున బడికి ముందు స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు, ఆపైన ప్రీఫైనల్. ఇంగ్లీషు వంతు వచ్చేసరికి చాలాచోట్ల ఆ గంటలో జరిగేది ఒక్కటే. నాలుగు లెటర్లు, రెండు డైరీలు, ఒక బయోగ్రాఫికల్ స్కెచ్ బోర్డు మీద రాస్తారు. పిల్లలు వాటిని నోటుబుక్కులోకి ఎక్కించుకుని మర్నాడు అప్పజెప్పాలి. బాగా చదివేవాళ్లకు పెద్ద జవాబులు, చదువులో వెనుకబడినవాళ్లకు చిన్న జవాబులు, అంతే తేడా. ఈ పద్ధతి భాష నేర్పదన్న సంగతి అందరికీ తెలుసు. అయినా మార్కులైతే తెస్తుంది కదా అన్న నమ్మకంతో నడిచిపోతోంది. ఆ నమ్మకం కూడా తప్పేనన్నది నా వాదన. బట్టీ మార్కులూ సరిగ్గా తేదు, పైగా ఏ పిల్లల పేరు చెప్పి దాన్ని సమర్థించుకుంటున్నామో ఆ పిల్లలకే ఎక్కువ హాని చేస్తుంది. పదో తరగతి ఇంగ్లీషు గంటకు ఇరుసు కావలసింది గైడు కాదు, అంతకుముందు కంటపడని పేరా.

ముందు ప్రశ్నపత్రాన్నే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు పేపరు 100 మార్కులకు ఉంటుంది, గట్టెక్కడానికి 35 రావాలి. తెలంగాణలో రాతపరీక్ష 80 మార్కులకు, పాసు కావడానికి 28 కావాలి. పాఠంలోంచి తీసిన పేరా మీద ప్రశ్నలు, పుస్తకంలో లేని పేరా మీద ప్రశ్నలు, పట్టికో గ్రాఫో చూసి చెప్పవలసిన జవాబులు, వాక్యాల్లో తప్పులు దిద్దడం, ఖాళీలు పూరించడం, ఒక లెటరో డైరీయో సంభాషణో రాయడం. ఈ రెండు రాష్ట్రాల్లోనూ పేపరు దాదాపు ఈ కొలతల్లోనే ఉంటుంది. ఇందులో బట్టీకి లొంగేది ఆ చివరి భాగమే, అదీ పూర్తిగా కాదు. లెటరు ఎవరికి రాయాలో, దేని గురించి రాయాలో పేపరు చేతికి వచ్చాకే తెలుస్తుంది. రక్తదానం మీద లెటరు కంఠతా పట్టిన పిల్లవాడికి చెరువు కాలుష్యం గురించి రాయమని వచ్చిందనుకోండి. తేదీ, చిరునామా, సంబోధన, సంతకం తప్పు లేకుండా పెట్టి, మధ్యలో రక్తదానమే దించేసి వస్తాడు. అతని జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు, ప్రశ్న ఏం అడుగుతోందో చదివి తెలుసుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. పాఠ్యాంశంలోని పేరాకు కూడా గైడు జవాబు సరిపోదు, ఎందుకంటే పాఠం చివరి అభ్యాసంలోని ప్రశ్నే పరీక్షలో రావాలని లేదు. అంటే ఈ పేపరులో ఏ మూల మార్కు తెచ్చుకోవాలన్నా చదివి అర్థం చేసుకోవడం అన్న గుమ్మం దాటాల్సిందే.

ఆ గుమ్మం దగ్గర మన పిల్లలు ఎక్కడున్నారు? 2024 జనవరిలో వెలువడిన అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదిక 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతను పరిశీలించింది. వారిలో ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతం. అలా చదివినవారిలో అర్థం చెప్పగలిగినవారు 73.5 శాతం. రెండూ కలిపి లెక్కేస్తే, చిన్న ఇంగ్లీషు వాక్యాన్ని చదివి అర్థమూ చెప్పగలిగినవారు నూటికి నలభై ఇద్దరు. ఇది ఆ జిల్లాలన్నీ కలిపి తీసిన లెక్క. కానీ మన పల్లెటూరి హైస్కూలు టీచరును ఎవరిని కదిలించినా ఇంతకు భిన్నమైన చిత్రం చెబుతారని అనుకోను. ఇక్కడ ఇంకో ముడి ఉంది. పదో తరగతి పత్రాల్లో ఇంగ్లీషు నేటికీ తృతీయ భాషే. మరోపక్క ఎక్కువమంది పిల్లలు లెక్కలు, సైన్సు, సోషల్ పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే రాస్తున్నారు. ఇంగ్లీషు పేరా అర్థం కాని పిల్లకు భౌతికశాస్త్రం ప్రశ్న కూడా అర్థం కాదు. కాబట్టి ఇంగ్లీషు గంటలో బట్టీ పట్టించడం వల్ల జరిగే నష్టం ఇంగ్లీషు మార్కులతో ఆగదు, మిగతా పేపర్లన్నింటికీ పాకుతుంది.

చదివి అర్థం చేసుకోవడానికి ఎన్ని మాటలు తెలిసి ఉండాలన్నది ఊహించి చెప్పాల్సిన సంగతి కాదు. హు, నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఒక కథను చక్కగా అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. 150 మాటల పేరా అనుకుంటే, తెలియనివి మూడుకు మించకూడదు. పదో తరగతి వాచకంలో ప్రతి వరుసకూ రెండు తెలియని మాటలు తగిలే పిల్లవాడికి ఆ పుస్తకాన్నే పదిసార్లు చదివిస్తే ఏమొస్తుంది? చప్పుడు అలవాటవుతుంది, అర్థం దగ్గరకు రాదు. అతనికి ముందు కావలసింది అతని మాటల సంపదకు అందే పాఠం. అందుకు రుజువు ఫిజీ దీవుల్లో దొరుకుతుంది. 1980లో అక్కడి పల్లె బడుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే పరిశోధకులు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తరగతికి 250 చొప్పున ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చి చదివించారు. వారికీ ఇంగ్లీషు ఇంటి భాష కాదు. ఎనిమిది నెలలకు వారి పఠనశక్తి, మామూలు పద్ధతిలో నేర్చుకున్న పిల్లలతో పోలిస్తే, రెట్టింపు వేగంతో పెరిగింది. రెండో ఏడాదికి ఆ మేలు రాతలోకీ వ్యాకరణంలోకీ పాకింది. వాళ్లు చిన్నపిల్లలే, నిజమే. అయితే ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయిన పదిహేనేళ్ల పిల్లవాడు మొదలుపెట్టవలసిందీ అక్కడినుంచే.

ఇలాంటివి మన బడుల్లో సాగవన్న మాటకు నలభై ఏళ్ల కిందటే దక్షిణ భారతంలో జవాబు దొరికింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో ఒక ప్రయోగం నడిచింది. అక్కడ వ్యాకరణ సూత్రాలు చెప్పి వల్లెవేయించడం మానేశారు. పిల్లల ముందు రైళ్ల వేళల పట్టికో, ఊరి పటమో పెట్టి, ఇంగ్లీషులోనే చదివి, ఆలోచించి, జవాబు తేల్చమన్నారు. ఖరీదైన సామగ్రి లేదు, నల్లబల్ల, సుద్దముక్క, ఓపిక ఉన్న టీచరు ఉంటే చాలు. ఆ తర్వాత అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ ఈ పిల్లలనూ, పాత పద్ధతిలో నేర్చుకున్నవారినీ పరీక్షించి చూశారు. ఏ జట్టు ఎలా నేర్చుకుందో ఆ తరహా పరీక్షలో ఆ జట్టుదే పైచేయి అయింది. ఏ పద్ధతికీ మొగ్గని ప్రావీణ్య పరీక్షల్లో మాత్రం ప్రభు పిల్లలు ముందున్నారు. మూల్యాంకనం చేసినవారు తమ నిర్ధారణలను ఆచితూచే చెప్పారు, మనమూ అంతకు మించి లాగనక్కర్లేదు. పిల్లలు ఏది చేస్తూ నేర్చుకుంటే అదే వారికి వస్తుందన్న పాఠం ఒక్కటీ గ్రహిస్తే చాలు. ఏడాదంతా అప్పజెప్పినవారికి అప్పజెప్పడం వస్తుంది. చూడని పేరాతో రోజూ కుస్తీ పట్టినవారికే చూడని పేరా లొంగుతుంది.

అయితే ప్రశ్నపత్రాన్ని మార్చేస్తే బోధన తనంతట తానే మారుతుందని ప్రభుత్వాలు అనుకుంటూ ఉంటాయి. ఈ ఆశకు శ్రీలంక అనుభవం మంచి హెచ్చరిక. మన పదో తరగతి పరీక్షతో పోల్చదగ్గ ఓ-లెవెల్‌లో ఇంగ్లీషు పరీక్షను అక్కడ 1980ల చివర్లో కొత్తగా తీర్చిదిద్దారు. దాని ప్రభావాన్ని తరగతి గదుల్లో కూర్చుని పరిశీలించిన డయాన్ వాల్, చార్లెస్ ఆల్డర్‌సన్ 1993లో ప్రచురించిన వ్యాసంలో తేల్చింది ఇది: కొత్త పరీక్ష వల్ల ఏం బోధించాలన్నది మారింది, ఎలా బోధించాలన్నది మారలేదు. కొత్త పాఠాలనే పాత పద్ధతిలో చెప్పారు. మన దగ్గరా ఇంగ్లీషుకు హంగులు తక్కువేమీ రాలేదు. ఆంధ్రప్రదేశ్ 2023లో ప్రభుత్వ బడుల్లో టోఫెల్ శిక్షణ తెచ్చింది, ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. తెలంగాణ 2023-24 నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మాట్లాడే ఇంగ్లీషుకు పరీక్షలో చోటు దక్కడం మంచి అడుగే. కానీ టీచరు రోజువారీ గంటలో ఏం చేయాలో చేతికి అందించకపోతే, ప్రాక్టికల్స్‌లో చెప్పవలసిన నాలుగు మాటలనూ పిల్లలు బట్టీ పడతారు.

రోజూ చూడని పేరా చదివించాలన్న ఈ వాదనకు తొలి అభ్యంతరం సమయం. జనవరిలో సాధారణ వాక్యం చదవలేని పిల్లవాడిని మార్చికి పాసు చేయించాలంటే నాలుగు జవాబులు నోటికి నేర్పడం తప్ప దారేముందని టీచర్లు అడుగుతారు. వారి కష్టం నిజమైనదే. ఆ మూడు నెలల్లో ఏ పద్ధతీ అద్భుతాలు చేయదని ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ పని జూన్‌లో మొదలుకావాలి, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. బలహీనులకు నాలుగో తరగతి, ఐదో తరగతి వాచకాల్లోని పేరాలు, మధ్యస్థులకు ఏడు, ఎనిమిది తరగతులవి. ఇవి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, కొనక్కర్లేదు. పేరా చదివాక అందులో ఏముందో తెలుగులో చెప్పనివ్వాలి, అర్థమైందో లేదో తేలేది అక్కడే. ఆపైన మూడు సొంత వాక్యాలు ఇంగ్లీషులో రాయించాలి, తప్పులున్నా సరే. టీచరు ఆ రోజు ఒక్క రకం తప్పే దిద్దితే చాలు. జనవరి వరకు ఆలస్యమైపోయినా లెక్క మారదు. ఉన్న అరవై గంటల్ని పరీక్షలో వస్తాయో రావో తెలియని నాలుగు లెటర్ల మీద పెట్టడం కన్నా, తప్పకుండా వచ్చే పేరా ప్రశ్నల మీద పెట్టడమే మార్కుల పరంగానూ తెలివైన పని.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసినవాళ్లు లేని పిల్లలకు బట్టీ ఒక్కటే ఆధారమని, దాన్నీ లాగేస్తే వాళ్లు మునిగిపోతారని అంటారు. ఈ మాటలో ప్రేమ ఉంది, కానీ ఫలితం తలకిందులు. అర్థం తెలియకుండా పట్టిన జవాబులో ఒక వాక్యం మరిచిపోతే మిగతాదంతా కూలిపోతుంది, ఎందుకంటే ఆ పిల్లకు దాన్ని సొంత మాటతో పూడ్చుకునే శక్తి లేదు. ట్యూషను, ఇంగ్లీషు పుస్తకాలు, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లలకు బడిలో బట్టీ పట్టించినా భాష మరో దారిలో అబ్బుతుంది. బడి తప్ప వేరే దారి లేని పిల్లకు బడి కూడా బట్టీనే ఇస్తే, ఇక ఆమెకు భాష ఎక్కడ దొరుకుతుంది? జ్ఞాపకానికి చోటే లేదని నేను అనడం లేదు. క్రియారూపాలు, తరచూ వచ్చే మాటలు, లెటరు చట్రం గుర్తుండాలి. అవి గుర్తుండటానికి కూడా అదేపనిగా చదవడం కన్నా చూడకుండా గుర్తుచేసుకుని రాయడం మేలని, వారం తర్వాత కూడా నిలిచేది అలా నేర్చుకున్నదేనని రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. జ్ఞాపకం పెట్టుకోవలసింది వాక్యాలు కట్టే సరుకును. కట్టిన జవాబును మోసుకెళ్లడం వేరే సంగతి.

మూడో అభ్యంతరం మూల్యాంకనం గురించి. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దే టీచరు, తప్పుల్లేని బట్టీ జవాబుకే మార్కులు వేస్తారు కదా, తప్పులతో ఉన్న సొంత జవాబు రాసిన పిల్ల నష్టపోదా అని. ఈ భయానికి ఆధారం ఉంది, దానికి జవాబు చెప్పవలసింది పరీక్షల విభాగాలే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం భాషా మూల్యాంకనం ఒక సిలబస్‌కు కట్టుబడనక్కర్లేదని, భాషా ప్రావీణ్యాన్ని కొలవాలని ఎప్పుడో చెప్పింది. ఆ మాటను దిద్దేవారి సూచనల్లోకి తేవాలి. అడిగిన విషయం మీద రాసిన మూడు తప్పుల సొంత పేరాకు, అడగని విషయం మీద రాసిన తప్పుల్లేని పేరా కన్నా ఎక్కువ మార్కులు పడాలని రాతపూర్వకంగా ఉండాలి. గైడుల్లో, పాత పేపర్లలో తిరుగుతున్న పేరాలను ప్రశ్నపత్రంలోకి ఎత్తకుండా కొత్తవి రాయించాలి. ఈ రెండు నియమాలకూ రూపాయి ఖర్చు లేదు.

ఇక మిగిలింది నూరు శాతం ఉత్తీర్ణత అన్న ఒత్తిడి. జిల్లా స్థాయి సమీక్షల్లో హెడ్మాస్టరును అడిగే మొదటి ప్రశ్న ఎంతమంది పాసయ్యారన్నదే అయినంతకాలం, దగ్గరిదారి వెతుక్కున్నందుకు ఇంగ్లీషు టీచరును తప్పుపట్టలేం. అందుకే ఈ మార్పు టీచరు మంచితనానికి వదిలేసేది కాదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పదో తరగతిలో చేరిన ప్రతి పిల్ల చేత, ప్రతి పిల్లవాడి చేత ఒక చూడని పేరా చదివించి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో నమోదు చేయాలి. డిసెంబరులో మళ్లీ చదివించాలి. సమీక్షలో అడగవలసిన మొదటి ప్రశ్న ఆ రెండింటి మధ్య తేడా ఎంతన్నదే కావాలి. పదో తరగతి దాటిన పిల్లల్లో కొందరు ఇంటర్‌కు, కొందరు పాలిటెక్నిక్‌కు, కొందరు పనికి వెళతారు. ఎటు వెళ్లినా వారికి ఎదురయ్యే ప్రతి దరఖాస్తూ, ప్రతి నోటీసూ, ప్రతి ఒప్పందపత్రమూ చూడని పేరాయే. దాన్ని సొంతంగా చదువుకోగల పిల్లలను తయారుచేయడమే ఇంగ్లీషు సన్నద్ధత, ఆ పని జరిగిన బడిలో పాసు మార్కుల గురించి వేరుగా దిగులు పడే పనుండదు.