ధర దిగినా జనానికి దూరమే

సామాన్య విద్యార్థి చేతికి ఇంటర్నెట్ అందించాలన్న కేంద్ర ప్రభుత్వ సంకల్పం 2011 అక్టోబరు 5న ‘ఆకాశ్’ టాబ్లెట్‌గా రూపుదాల్చింది. నాటి మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి కపిల్ సిబల్ న్యూఢిల్లీలో ఆవిష్కరించిన ఆ పరికరాల కూర్పు హైదరాబాద్‌లో జరిగింది. ఒక్కొక్కదానికి ప్రభుత్వం వెచ్చించినది సుమారు 2,250 రూపాయలు.

అయితే, ధర తగ్గినంత మాత్రాన పరికరం జనబాహుళ్యానికి సిద్ధమైనట్లు కాదు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, గట్టిగా నొక్కితే గాని స్పందించని 7 అంగుళాల తెర వినియోగదారులను నిరుత్సాహపరచాయి. అంతకన్నా మౌలికమైన లోపం మరొకటున్నది: వైఫై ఉన్నచోటనే అది ఇంటర్నెట్‌ను అందుకోగలదు. ఆ సదుపాయం ఎరుగని పల్లెలో అది వట్టి పలకే. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన ‘ఆకాశ్-2’లో వేగం, తెర మెరుగుపడినప్పటికీ ఈ పరాధీనత తొలగలేదు.

చివరకు ఇంటర్నెట్‌ను ఇంటింటికీ చేర్చినది స్మార్ట్‌ఫోన్. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశంతో డేటా ధరలు పతనమైన తరువాతనే ఆ విస్తరణ ఊపందుకొన్నది. పరికరం ఎంత చౌకైనా, దానిని వాడుకొనే సదుపాయం ఊరికి చేరనిదే ప్రయోజనం శూన్యం. విద్యార్థులకు టాబ్లెట్లు పంచదలచిన ప్రభుత్వాలు ఈ అనుభవాన్ని విస్మరించరాదు.