బయోమెడికల్ చదువు: పని నేర్చుకునే అవకాశం ఎవరికి?



హాస్టలుకు ఎప్పుడొచ్చినా మీలో ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతూనే ఉంటారు: "అన్నా, బయోమెడికల్ అంటే డాక్టరా, ఇంజనీరా?" ఊళ్ళో పెద్దవాళ్ళు మమ్మల్ని "మిషన్ల డాక్టర్లు" అంటారు. ఆ మాట మాకు బాగానే ఉంది.

ఆసుపత్రిలో మంచం పక్కన మానిటరు, డయాలసిస్ మిషను, పురిటి వార్డులో పసిబిడ్డను వెచ్చగా ఉంచే వార్మరు... ఇవి పనిచేయకపోతే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చేస్తాడు? వీటిని తయారుచేయడం, బిగించడం, కొలతలు సరిచూడడం, చెడిపోతే బాగుచేయడం మా చదువు. ఒక్క ఉదాహరణ చెప్తాం. కామెర్లు వచ్చిన పసిబిడ్డను నీలి వెలుతురు కింద పడుకోబెడతారు. ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది గానీ, వాడేకొద్దీ దాని బలం తగ్గుతుంది. కంటికి తెలియదు. మీటరు పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. తల్లి మాత్రం బిడ్డకు వైద్యం జరుగుతోందనే అనుకుంటుంది. ఇలాంటివి పుస్తకంలో చదివితే పరీక్ష పాసవుతాం. చేతికి రావాలంటే మాత్రం ఆసుపత్రిలో మిషను దగ్గర నిలబడాలి.

ఈ సంగతి అమెరికాలో హెర్మన్ ష్నైడర్ అనే అధ్యాపకుడు ఎప్పుడో గుర్తించాడు. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మంది విద్యార్థులతో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు తరగతి, కొన్నాళ్ళు ఫ్యాక్టరీ, మళ్ళీ తరగతి. దీనికి సహకార విద్య అని పేరు. (సహకార అనగానే మన చెన్నూరోళ్ళకు మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, అది వేరే కథ.) ఇందులో అసలు విశేషం, పనిచేసిన రోజులకు విద్యార్థికి కూలి ముట్టడం. ష్నైడర్ కాలంలోనూ చాలామంది పిల్లలు చదువుకోవడానికి ఏదో ఒక పని చేసుకునేవాళ్ళే. ఆ పనేదో చదువుకు సంబంధించినదే అయితే మేలు కదా అని ఆయన ఆలోచన.

మన దగ్గర ఇంటర్న్‌షిప్ ఉంది. కూలి మాత్రం లేదు. మా సంగతే చెప్తాం. చివరి సంవత్సరంలో మేము అయిదుగురం ఒక నగరంలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. స్టయిపెండు లేదు. గది అద్దె, తిండి, బస్సు అన్నీ మావే. మొదటి మూడు వారాలు మిషన్లకు స్టిక్కర్లు అంటించడం, రిజిస్టర్లు రాయడం. ఈలోగా మాలో ఇద్దరు ఇంటికి వచ్చేశారు. ఒకరి అమ్మ ఇక్కడ ఆకుతోటల్లో కూలికి పోయి పంపిన డబ్బు అద్దెకే సరిపోయింది. మిగిలిన ముగ్గురం ఎట్లా ఉన్నామంటే, ఒకరికి అక్కడ చిన్నాన్న ఉన్నాడు, ఆ ఇంట్లోనే ముగ్గురమూ సర్దుకున్నాం. నాలుగో వారం ఒక పెద్దాయన, టెక్నీషియను, మమ్మల్ని పిలిచి సక్షన్ మిషను విప్పించాడు. తర్వాత ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోతే అడిగింది ఆ మిషను గురించే. ముగ్గురం చెప్పాం. తిరిగొచ్చిన ఇద్దరూ చెప్పలేకపోయారు. మార్కుల్లో మాకంటే వాళ్ళే ముందు.

ఆ రోజునుంచి మా అభిప్రాయం ఒక్కటే. జీతం లేని శిక్షణ ఇంట్లో డబ్బున్నవాడికో, పట్నంలో బంధువున్నవాడికో పనికొస్తుంది. హాస్టల్ పిల్లవాడికి ఫీజు కడితే సరిపోదు.

అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 2019 సవరణలో డిగ్రీవాళ్ళకు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమావాళ్ళకు 8,000 ఇవ్వాలన్నారు. ఇది మంచిదే, పాసైనవాళ్ళు తప్పక పేరు నమోదు చేసుకోండి. అయితే చిక్కు చదువు మధ్యలో వస్తోంది. దానికి మేము అడిగేది పెద్ద కోరిక కాదు. శిక్షణకు పోయిన పిల్లవాడికి ఆ నగరంలోని సంక్షేమ హాస్టల్లోనే ఆ నాలుగు నెలలు, ఆరు నెలలు అన్నం, చోటు ఇవ్వాలి. ఇక్కడ అతని పేరుమీద అయ్యే మెస్ ఖర్చే అక్కడ అవుతుంది. శిక్షణ రోజులను కాలేజీ హాజరు కింద లెక్కించాలి, లేకపోతే స్కాలర్‌షిప్పుకు ముప్పు. ఇంకొకటి, అందరూ నగరాలకే పోవాలని ఏముంది? కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మిషన్లు లేవా? కాలేజీలు అడిగితే కదా తలుపు తెరిచేది.

ఇక ఉద్యోగాల మాట. మీకు ఆశలు పెట్టి మోసం చేయలేం. కంప్యూటర్ సైన్సుకు వచ్చినట్టు దీనికి కంపెనీలు కాలేజీకి వరస కట్టవు. చాలామందికి మొదటి ఉద్యోగం సర్వీసు ఇంజనీరే. భుజాన బ్యాగు, అర్ధరాత్రి ఫోన్లు, తక్కువ జీతం. రెండు మూడేళ్ళు ఓర్చుకుంటే చేయి తిరుగుతుంది, జీతమూ పెరుగుతుంది. మన దేశం వాడే పరికరాల్లో ఎక్కువ భాగం దిగుమతే గనుక బాగుచేసేవాళ్ళ అవసరం తీరదు. తయారీ కూడా ఇప్పుడు మన దగ్గరికి వచ్చింది. విశాఖలో 270 ఎకరాల్లో ఏపీ మెడ్‌టెక్ జోన్ 2018లో ప్రారంభమైంది, 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడ వెంటిలేటర్లు తయారయ్యాయి. హైదరాబాదు దగ్గర సుల్తాన్‌పూర్‌లో పరికరాల పార్కు ఉంది. పైచదువు కావాలంటే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరు పెట్టారు. గేట్‌తో ఎం.టెక్. సీటు తెచ్చుకుంటే నెలకు 12,400 స్కాలర్‌షిప్పు, అంటే ఇంటికి భారం కాకుండా చదవొచ్చు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ డాక్టర్లూ ఇంజనీర్లూ కలిసి మన దేశంలోనే గుండె వాల్వు తయారుచేసి 1990లో మొదటిసారి రోగికి అమర్చారు. అలాంటిచోట మన చెన్నూరు పిల్లవాడు ఎందుకు ఉండకూడదు?

ప్రొద్దుటూరులో, పులివెందులలో ఈసీఈ, ఈఈఈ చదువుతున్నవాళ్ళు ఇది మనది కాదనుకోవద్దు. సర్వీసు ఉద్యోగాలకు ఎలక్ట్రానిక్స్ వాళ్ళనూ తీసుకుంటారు.

వార్డెన్ సారు ఒప్పుకుంటే వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం మేము హాస్టలుకు వస్తాం. పాత బీపీ మిషను, పనిచేయని నెబ్యులైజరు ఒకటి తెస్తాం. స్క్రూడ్రైవర్లు మాత్రం మీరే తెచ్చుకోండి.