కారు తాళం గూట్లోనే ఉంది



‘ముషీరాబాద్‌లో కారు లేనిదే గడవదు’ అన్న పాఠకుడి లేఖ చదివాను. నాకూ కారుంది, ఏడాదిగా తాళం గూట్లోంచి దిగడం అరుదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో వచ్చాక చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు మన గుమ్మంలో ఉన్నట్టే. త్యాగరాయ గానసభకు కారేసుకెళ్తే పార్కింగ్ వెతికేసరికి కచేరీలో వర్ణం అయిపోతుంది. నడిస్తే పది నిమిషాలు. మనం అద్దాలు బిగించి ఏసీలో కూర్చుంటాం. పొగ మాత్రం అశోక్‌నగర్‌లో పుస్తకాల సంచులతో రోడ్డంచున నడిచే కోచింగ్ పిల్లలు మింగుతారు.

ఒక్కటి ఒప్పుకుంటాను. మెట్రో దిగితే కాలిబాట మీద బజ్జీల బండి, ట్రాన్స్‌ఫార్మర్, బైకులు. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ రోడ్డు మీదకే దిగుతుంది. వాహనాల కోసం 2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెనే వేశారు. చిక్కడపల్లి స్టేషన్ నుంచి నగర కేంద్ర గ్రంథాలయం దాకా కాలిబాట ఖాళీ చేయించండి చాలు.

— ఒక పాఠకుడు, అశోక్‌నగర్